నెత్తి మీద చిన్న అంకె

ఇది చూడండి.

2³

కింద 2 ఉంది. దాని నెత్తి మీద, కొంచెం పక్కగా, చిన్న 3 ఉంది. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లల లెక్కల పుస్తకాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. రెండు అంకెలూ మనకు వచ్చినవే. కానీ ఇలా రాస్తే దాని విలువ ఎంత?

కొందరు ఇరవై మూడు అంటారు. కొందరు రెండు మూళ్లు ఆరు అంటారు. రెండూ కావు. దాని విలువ 8.

ఎలా వచ్చింది 8? ఈ పాఠంలో అది తెలుసుకుందాం. ఈ చిన్న అంకెకు ఐదు సూత్రాలు ఉన్నాయి. అవి తెలిస్తే పిల్లల లెక్క మనమూ చూడగలం. నోటు మీద తెచ్చిన అప్పు ఎలా పెరుగుతుందో కూడా చూడగలం.

తరాల లెక్క

ఒక మనిషికి అమ్మా నాన్నా ఇద్దరు. ఆ ఇద్దరి అమ్మానాన్నలు నలుగురు. వాళ్లే మన తాతలు, అమ్మమ్మ, నాన్నమ్మ. ఆ నలుగురి అమ్మానాన్నలు ఎనిమిది మంది. వాళ్లు ముత్తాతలు, తాతమ్మలు. ఒక్కో తరం వెనక్కి వెళ్తుంటే లెక్క రెట్టింపు అవుతూ ఉంటుంది.

ఒక తరం వెనక్కి: 2 = 2¹
రెండు తరాలు వెనక్కి: 2 × 2 = 4 = 2²
మూడు తరాలు వెనక్కి: 2 × 2 × 2 = 8 = 2³
పది తరాలు వెనక్కి: 2¹⁰ = 1,024

మన ఇళ్లలో మేనరికాలు ఉంటాయి. మేనత్త కొడుకును చేసుకుంటే, పుట్టిన పిల్లలకు ఒకే మనిషి రెండు వైపులా ముత్తాత అవుతాడు. అప్పుడు మనుషులు తగ్గుతారు. లెక్కలో స్థానాలు మాత్రం అన్నీ ఉంటాయి.

ఇప్పుడు పేర్లు తెలుసుకుందాం. కింద ఉన్న పెద్ద అంకెను భూమి అంటారు. నెత్తి మీది చిన్న అంకెను ఘాతాంకం అంటారు. భూమిని ఎన్నిసార్లు రాసి గుణించాలో ఘాతాంకం చెబుతుంది. అంతే. 2³ అంటే 2ను మూడుసార్లు రాసి గుణించాలి.

ఇక్కడే చాలామంది తడబడతారు. మూడు రెండ్లను కూడితే 2 + 2 + 2 = 6. మూడు రెండ్లను గుణిస్తే 2 × 2 × 2 = 8. తేడా రెండే కదా అనిపిస్తుంది. 5తో చేసి చూడండి. 5 + 5 + 5 = 15. 5 × 5 × 5 = 125. ఇప్పుడు తేడా తెలిసిందా?

చదరంగం గళ్లు

ఈ రెట్టింపుల లెక్క మన తెలుగువాళ్లకు కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దంలో కన్నడ దేశంలో మహావీరాచార్యుడు అనే గణిత పండితుడు ఉండేవాడు. ఆయన సంస్కృతంలో 'గణిత సార సంగ్రహం' అనే లెక్కల పుస్తకం రాశాడు. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన పదకొండో శతాబ్దం ప్రాంతపు కవి అని చెబుతారు.

చదరంగం బల్ల మీద 64 గళ్లు ఉంటాయి. మొదటి గడిలో ఒక గింజ పెట్టాలి. రెండో గడిలో 2, మూడో గడిలో 4, నాలుగో గడిలో 8. ఇలా రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? దీని జవాబును మల్లన ఒక్క పద్యంలో చెప్పాడని ప్రసిద్ధి. ఆ జవాబు ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

ఇరవై అంకెల సంఖ్య! చదవడానికే ఊపిరి చాలదు. ఘాతాంకం వాడితే ఇదే సంఖ్యను 2⁶⁴ – 1 అని రాసుకోవచ్చు. పెద్ద లెక్కను చిన్న జాగాలో పట్టించడమే ఘాతాంకం పని.

మొదటి సూత్రం: గుణిస్తే పైవి కూడాలి

10 నెత్తి మీద ఎంత ఉంటే, 1 పక్కన అన్ని సున్నాలు వస్తాయి.

10² = 100 (వంద)
10³ = 1,000 (వెయ్యి)
10⁵ = 1,00,000 (లక్ష)
10⁷ = 1,00,00,000 (కోటి)

పలాసలో జీడిపిక్కలు బస్తాల్లో వస్తాయి, టన్నుల్లో అమ్ముడవుతాయి. ఒక టన్నుకు 1,000 కిలోలు. అంటే 10³ కిలోలు. ఒక కిలోకు 1,000 గ్రాములు. అంటే 10³ గ్రాములు. మరి టన్నుకు ఎన్ని గ్రాములు?

10³ × 10³ = (10 × 10 × 10) × (10 × 10 × 10)

పదులు లెక్కపెట్టండి. ఆరు ఉన్నాయి. కాబట్టి 10⁶. అంటే పది లక్షల గ్రాములు.

మూడు, మూడు కలిస్తే ఆరు. భూమి ఒకటే అయినప్పుడు, గుణకారంలో పైన ఉన్న అంకెలను కూడాలి. వంద లక్షలు ఒక కోటి అని మనకు తెలుసు. 10² × 10⁵ = 10⁷. రెండూ ఐదూ ఏడు. సరిపోయింది.

జాగ్రత్త! రెండైదులు పది అని 10¹⁰ రాయకూడదు. అలా రాస్తే కోటి కాస్తా వెయ్యి కోట్లు అయిపోతుంది.

అంకె చోట అక్షరం

పలాస జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తల్లి, బడికెళ్లే తన కూతురి లెక్కల పుస్తకం తెరిచింది.

"ఇదేటే అమ్మీ, అంకెల మధ్యలో అక్షరాలు పెట్టారు? ఇది లెక్కల పుస్తకమేనా?" అంది.

"లెక్కల పుస్తకమే అమ్మా. పిక్కల బస్తా రేపు ఎంత పలుకుతుందో చెప్పు" అంది కూతురు.

"రేపటి ధర ఎవరికి తెలుసు? రోజుకో ధర."

"తెలియని ధరకు ఒక అక్షరం పెట్టుకుందాం. 'అ' అనుకో. అప్పుడు 3 బస్తాల ధర 3అ. రేపు ధర తెలిశాక, అ ఉన్న చోట ఆ అంకె వేస్తే సరి."

తల్లి కాసేపు ఆలోచించింది. "అలగా! బస్సులో సీటు మీద తువ్వాలు వేసి జాగా ఉంచుతాం. అలాంటిదే కదేటి?"

"అదే అమ్మా. రాబోయే అంకెకు ముందే వేసిన తువ్వాలు."

అంకెకు బదులు అక్షరం పెట్టి చేసే లెక్కను బీజగణితం అంటారు. బడి పుస్తకాల్లో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఏ అక్షరమైనా పని ఒక్కటే. ఈ పాఠంలో మనం 'అ' వాడుకుందాం.

అ² అంటే అ × అ. అ³ అంటే అ × అ × అ. మొదటి సూత్రం ఇక్కడా పనిచేస్తుంది.

అ² × అ³ = అ⁵

ముందు అంకెలు కూడా ఉంటే, వాటిని వేరుగా గుణించాలి.

2అ² × 3అ³ = 6అ⁵

రెండు మూళ్లు ఆరు. పైన రెండూ మూడూ ఐదు. కింద గుణకారం, పైన కూడిక.

రెండో సూత్రం: భాగిస్తే పైవి తీసివేయాలి

కోటిలో ఎన్ని లక్షలు? వంద. అదే లెక్క ఇలా రాయవచ్చు:

10⁷ ÷ 10⁵ = 10²

ఏడులోంచి ఐదు తీస్తే రెండు. ఎందుకు తీసివేయాలి? పైన ఏడు పదులు, కింద ఐదు పదులు ఉన్నాయి. ఒకదానికొకటి కొట్టివేస్తే పైన రెండే మిగులుతాయి. అక్షరంతోనూ అంతే.

అ⁵ ÷ అ² = అ³

మూడో సూత్రం: నెత్తి మీద సున్నా

10³ను 10³తో భాగిస్తే ఎంత? వెయ్యిని వెయ్యితో భాగిస్తే 1. రెండో సూత్రం ప్రకారం చేస్తే మూడులోంచి మూడు పోతే సున్నా. అంటే 10⁰. రెండు దారుల్లోనూ ఒకే జవాబు రావాలి. కాబట్టి 10⁰ = 1.

నెత్తి మీద సున్నా ఉంటే విలువ సున్నా కాదు, 1. (కింది భూమి మాత్రం సున్నా కాకూడదు.)

నమ్మకం కలగలేదా? తరాల లెక్క చూడండి. మూడు తరాలు వెనక్కి 8 మంది. రెండు తరాలు వెనక్కి 4. ఒక తరం వెనక్కి 2. సున్నా తరాలు వెనక్కి ఎవరు? మీరే. మీరు ఒక్కరు. 2⁰ = 1.

నాలుగో సూత్రం: ఘాతం మీద ఘాతం

వంద అంటే 10². వందను మూడుసార్లు రాసి గుణిస్తే:

(10²)³ = 10² × 10² × 10² = 10⁶

ఇక్కడ రెండు చొప్పున మూడుసార్లు వచ్చాయి. రెండు మూళ్లు ఆరు. కుండలీకరణం బయట ఇంకో ఘాతాంకం ఉంటే, పైన ఉన్న రెండు అంకెలను గుణించాలి.

(అ²)³ = అ⁶

ఐదో సూత్రం: కుండలీకరణంలో అందరికీ వాటా

టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీలు ఉన్నాయి. పెద్ద పెద్ద రాళ్లను దిమ్మెలుగా కోసి లారీల మీద తీసుకెళ్తారు. ఒక దిమ్మె పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ ఒక్కో మీటరు అనుకుందాం. దాని బరువు సుమారు 2.7 టన్నులు. ఇంకో దిమ్మె పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెండేసి మీటర్లు. దాని బరువు ఎంత? రెట్టింపేనా?

కాదు. ఎనిమిది రెట్లు. సుమారు 21.6 టన్నులు. పొడవు రెట్టింపు, వెడల్పు రెట్టింపు, ఎత్తు రెట్టింపు. మొత్తం 2 × 2 × 2 = 8 రెట్లు.

(2అ)³ = 2³ × అ³ = 8అ³

బయటి ఘాతాంకం లోపల ఉన్న ప్రతి ఒక్కరికీ చెందుతుంది. అక్షరానికి ఇచ్చి అంకెకు మానేయకూడదు. (2అ)³ను 2అ³ అని రాస్తే తప్పు.

గుండ్లు వేరు, బద్దలు వేరు

జీడిపప్పు గ్రేడింగు చేసే అక్కచెల్లెళ్లకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. గుండ్లు ఒక ట్రేలో, బద్దలు ఇంకో ట్రేలో వేస్తారు. 3 కిలోల గుండ్లు, 2 కిలోల గుండ్లు కలిస్తే 5 కిలోల గుండ్లు. 3 కిలోల గుండ్లు, 2 కిలోల బద్దలు ఉంటే వేరువేరుగానే రాస్తారు.

బీజగణితంలోనూ అంతే.

3అ² + 2అ² = 5అ² (రెండూ ఒకే రకం. కూడవచ్చు.)
3అ² + 2అ³ (రకాలు వేరు. కూడకూడదు. అలాగే ఉంచాలి.)

ఒకే అక్షరం, నెత్తి మీద ఒకే అంకె ఉన్నవాటిని సజాతి పదాలు అంటారు. సజాతి పదాలనే కూడాలి, తీసివేయాలి. గుణకారానికి, భాగహారానికి ఈ అడ్డు లేదు.

ఒక పెద్ద లెక్క

పెద్దగా ఉన్న లెక్కను విలువ మారకుండా చిన్నగా రాయడాన్ని సూక్ష్మీకరించడం అంటారు. ఇది చూడండి:

(2అ²)³ × అ⁴ ÷ అ⁷

భయపడవద్దు. ఒక్కో మెట్టూ దిగుదాం.

మొదటి మెట్టు: కుండలీకరణం విప్పాలి. 2³ = 8. (అ²)³ = అ⁶. కాబట్టి 8అ⁶.
రెండో మెట్టు: గుణించాలి. 8అ⁶ × అ⁴ = 8అ¹⁰.
మూడో మెట్టు: భాగించాలి. 8అ¹⁰ ÷ అ⁷ = 8అ³.

జవాబు 8అ³. ఇది సరైనదో కాదో ఎవరినీ అడగనక్కరలేదు. అ చోట 2 వేసి చూడండి. మొదటి లెక్కలో 8 × 8 × 8 = 512. దాన్ని 16తో గుణిస్తే 8,192. 128తో భాగిస్తే 64. జవాబులో 8 × 8 = 64. రెండూ ఒకటే వచ్చాయి. లెక్క బాగానే చేశామన్నమాట.

నోటు తిరగరాస్తే

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి చెట్లు కూలిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. రాబడి ఆగినా ఇంటి ఖర్చు ఆగదు. అలాంటప్పుడు చేతి అప్పు తప్పదు.

ఒక ఇంటివారు ప్రామిసరీ నోటు రాసి 10,000 రూపాయలు తెచ్చారనుకుందాం. వడ్డీ నూటికి నెలకు 3 రూపాయలు. అంటే రూపాయికి నెలకు 3 పైసలు. మూడేళ్లంటే 36 నెలలు. 36 మూళ్లు 108 పైసలు. అసలు రూపాయితో కలిపితే 2 రూపాయల 8 పైసలు. ప్రతి రూపాయి మూడేళ్లలో 2.08 రెట్లు అవుతుంది. ఈ 2.08కి 'ప' అని పేరు పెడదాం.

అప్పు ఇచ్చినవారు కోర్టుకు వెళ్లాలంటే మూడేళ్లలోపే వెళ్లాలి. 1963 నాటి కాలపరిమితి చట్టం ఈ గడువు పెట్టింది. అందుకే గడువు దగ్గర పడగానే "నోటు తిరగరాద్దాం" అంటారు. అప్పటివరకు అయిన వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాస్తారు. ఇక ఆ వడ్డీ కూడా అసలే. దానికీ వడ్డీ నడుస్తుంది.

మూడేళ్లకు: 10,000 × ప = 20,800 రూపాయలు
ఆరేళ్లకు: 10,000 × ప² = 43,264 రూపాయలు
తొమ్మిదేళ్లకు: 10,000 × ప³ = 89,989 రూపాయలు

తిరగరాయకుండా ఉంటే తొమ్మిదేళ్ల బారువడ్డీ 32,400. అసలుతో కలిపి 42,400. తిరగరాసినందుకు అది 89,989 అయింది. రెట్టింపు కంటే ఎక్కువ. ఇచ్చినవారు వడ్డీ రేటు పెంచలేదు. కొత్తగా ఒక్క రూపాయి ఇవ్వలేదు. ప నెత్తి మీద అంకె మాత్రం 1 నుంచి 2కు, 2 నుంచి 3కు పెరిగింది.

నూటికి 2 రూపాయల వడ్డీ అయితే ప విలువ 1.72. అప్పుడు తొమ్మిదేళ్లకు 50,884 రూపాయలు అవుతుంది. నెలకు నూటికి ఒక్క రూపాయి తేడా. తొమ్మిదేళ్లలో 39 వేల పైన తేడా.

మరి ఏం చేయాలి?

వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే అసలు పెరగదు. అప్పుడు ప విలువ 1. ఒకటిని ఎన్నిసార్లు గుణించినా ఒకటే. 1³ = 1. పది వేలు పది వేలుగానే ఉంటుంది.

అంతా కట్టలేకపోతే కొంతైనా కట్టాలి. గడువు నిండకముందు కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్ల గడువు వస్తుంది. ఇదీ ఆ చట్టంలోనే ఉంది. గడువు కోసమే అయితే వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయనక్కరలేదు. ఈ మాట అప్పు ఇచ్చినవారికి నెమ్మదిగా చెప్పవచ్చు.

తప్పనిసరిగా కొత్త నోటు రాయాల్సి వస్తే, పాత నోటు వెనక్కి తీసుకోవాలి. అసలు ఎంత, కలిపిన వడ్డీ ఎంత అని అడిగి మన పుస్తకంలో రాసుకోవాలి. నోటు మీద అంకెల్లో రాసింది, అక్షరాల్లో రాసింది ఒకటేనా అని చదవాలి. ఆ తర్వాతే సంతకం. చదవడం వచ్చిన చేయి తొందరపడకూడదు.

కొత్త మాటలు

భూమి: కింద ఉన్న పెద్ద అంకె లేదా అక్షరం
ఘాతాంకం: నెత్తి మీది చిన్న అంకె
సజాతి పదాలు: ఒకే అక్షరం, ఒకే ఘాతాంకం ఉన్నవి
సూక్ష్మీకరించడం: విలువ మారకుండా చిన్నగా రాయడం
చెల్లు: కట్టిన సొమ్మును నోటు వెనక రాయడం

చేసి చూడండి

1. 3⁴ విలువ ఎంత?
2. 10³ × 10⁴ ఎంత? దాన్ని మాటల్లో ఏమంటారు?
3. అ⁶ ÷ అ⁴
4. (అ³)²
5. (3అ)²
6. 4అ² + 5అ²
7. (2అ)² × అ³ ÷ అ⁴
8. నూటికి 3 రూపాయల వడ్డీకి 5,000 రూపాయలు తెచ్చారు. మూడేళ్లకోసారి చొప్పున రెండుసార్లు నోటు తిరగరాశారు. రెండోసారి నోటు మీద ఎంత పడుతుంది?

జవాబులు

1. 81
2. 10⁷, కోటి
3. అ²
4. అ⁶
5. 9అ²
6. 9అ²
7. 4అ
8. 21,632 రూపాయలు

ఎనిమిదో లెక్కను సంఘం సమావేశంలో అందరూ కలిసి చేయండి. తర్వాత ఎవరి ఇంట్లో ఉన్న నోటు లెక్క వారు వేసుకోండి.